మఠంలో నేను తీసేసి, మళ్ళీ బిగించిన మోత

2017 ఫిబ్రవరి చివరి వారంలో మా గ్రూప్ మేనేజర్ డేవ్ నన్ను పిలిచి, కారుతో సంబంధం లేని పని ఒకటి అప్పజెప్పాడు. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌కి గంట దూరంలో, మొక్కజొన్న పొలాల మధ్య ఒక కేథలిక్ సన్యాసినుల మఠం ఉంది. వాళ్ళ ప్రార్థనాలయంలో ఎప్పుడూ ఒక మోత వినిపిస్తోందిట. ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారం లోపల దాన్ని ఆపాలి. మా కంపెనీ ఇంజినీర్లు ఏటా కొంత సమయం చుట్టుపక్కల సేవాసంస్థలకు ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉండేది. మిగతావాళ్ళంతా పార్కుల్లో చెత్త ఏరే పనికి ముందే పేర్లిచ్చేశారు. నాకు మఠం మిగిలింది.

అప్పటికి నేను కార్ల విడిభాగాలు తయారుచేసే ఆ కంపెనీలో ఎన్.వి.హెచ్. విభాగంలో సీనియర్ ఇంజినీరుని. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్ అనే మూడు మాటలకు అది పొట్టిపేరు. కారు లోపల కూర్చున్నవాడికి వినబడే ప్రతి చప్పుడూ, సీటులోంచి తెలిసే ప్రతి అదురూ ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, దాన్ని చంపడం మా పని. నా సర్వీసంతా చప్పుళ్ళు చంపుతూనే గడిచింది. అది అలవాటుగా మారి, ఇంట్లో ఫ్రిజ్ కింద కూడా రబ్బరు దిమ్మలు పెట్టాను. మా ఆవిడ శారద బేస్‌మెంట్‌లో పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతుంది. ఆమె ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పక్కన ఒకసారి మీటరు పెట్టి, ఎన్ని డెసిబెల్స్ ఉందో రాసి చూపించాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి, గచ్చు మీద కదులుతున్న అదే శ్రుతిపెట్టె కింద పెట్టుకుంది.

ఈ మఠం సంగతి ఇప్పుడు రాయడానికి కారణం, మా ఊరి తెలుగు సంఘం సావనీర్‌లో పోయిన సంవత్సరం వచ్చిన ఒక వ్యాసం. ‘సన్యాసినుల గానానికి నిశ్శబ్దం కానుకగా ఇచ్చిన మన తెలుగు ఇంజినీరు’ అని నా ఫొటోతో వేశారు. వేయించింది సంఘంలో ఒక తమ్ముడు, కరీంనగర్ వాడు, ఉత్సాహం ఎక్కువ. “అన్నా, మీరు చర్చినే మ్యూట్ చేసిండ్రట గదా! గా ముచ్చట నాకు ఇన్నేండ్లు చెప్పకపోతిరి!” అన్నాడు. చెప్పకపోవడానికి కారణం ఉందని ఆ రోజు అనలేదు. యాభై ఆరేళ్ళకే ముందస్తు రిటైర్మెంట్ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, అబద్ధాన్ని సరిచేయడానికి తీరికలేదని చెప్పుకునే వీలు కూడా లేదు.

మఠంలో పెద్దావిడ మదర్ జోన్. పొడుగ్గా, బ్యాంకు మేనేజరులా మాట్లాడే మనిషి. మొదటి రోజు నన్ను ప్రార్థనాలయం చూపించడానికి తీసుకెళ్ళి, సమస్య చెప్పింది. ఒక యూనివర్సిటీ సంగీతం ప్రొఫెసర్ వాళ్ళ గానాన్ని రికార్డు చేయాలనుకుంటున్నాడు. పరీక్షగా ఒకసారి మైకులు పెట్టి చూస్తే, పాటతోపాటు కింద ‘మ్...’ అని మూలుగు ఒకటి వచ్చింది. మేం దాన్ని హమ్ అంటాం. పవిత్ర వారంలో పాడే పాటలకే ఆయన మళ్ళీ వస్తాడు. ఆలోపల ఆ హమ్ పోవాలి.

వాళ్ళు పాడేది ప్లెయిన్ చాంట్. మధ్యయుగాల నుంచి కేథలిక్ మఠాల్లో సాగుతున్న లాటిన్ గానం అది. తాళం లేదు, పక్కవాద్యం లేదు, ఒకరు ఒక స్వరంలో, ఇంకొకరు ఇంకో స్వరంలో పాడటం లేదు. అందరూ ఒకే గొంతుగా, మాట ఎంత పొడుగుంటే పాట అంత పొడుగు సాగుతుంది. బైబిల్లోని కీర్తనల్ని రోజుకు ఇన్నిసార్లని పాడతారు. పాదం అంతా ఒకే స్వరం మీద నిలిపి చదివినట్టు నడిపి, సగంలోనూ చివరలోనూ మాత్రం కాస్త కదిలిస్తారు. సగంలో అందరూ కలిసి ఆగి ఊపిరి తీసుకుంటారు. గుడి మధ్య దారికి అటొక వరస, ఇటొక వరస ఎదురెదురుగా నిలబడి, ఒక పాదం వీళ్ళు, ఒక పాదం వాళ్ళు పాడతారు. కీర్తన ఏ బాణీలో ఉన్నా ఆ నిలిపే స్వరాన్ని మాత్రం ఈ మఠంలో ఒకే ఎత్తులో ఉంచుతారు. ఆ ఎత్తు ఎంతో నిర్ణయించి, మొదటి మాట ఒంటరిగా ఎత్తుకునే ఆవిడను చాంట్రెస్ అంటారు. అదొక పదవి. మఠాధిపతి తర్వాత గుడిలో ఎవరి మాట చెల్లుతుందంటే ఆవిడదే.

ఆ పదవిలో ఉన్నావిడ సిస్టర్ బెర్నడెట్. డెబ్భై దాటింది. చిన్న ఆకారం, పెద్ద కళ్ళజోడు. ఆర్గన్ మీద స్వరం చూసుకోదు, ఈల ఊదదు, లేచి నిలబడి నోరు తెరిస్తే ప్రతి రోజూ అదే ఎత్తు. చుట్టుపక్కల మఠాల్లో ఆవిడ చెవి గురించి గొప్పగా చెప్పుకుంటారని మదర్ జోన్ అంది. ఆ మాట విననట్టు సిస్టర్ బెర్నడెట్ పుస్తకంలో పేజీలు తిప్పింది. ఒక చిక్కు మాత్రం ఉండేదిట. ఆవిడ పట్టే స్వరం ఆర్గన్‌లో రెండు మెట్లకు నడుమ ఎక్కడో ఉంటుంది. అందుకని ఆర్గన్ వాయించేవాడు వీళ్ళు పాడటం మొదలుపెట్టకముందు వాయించాలి, లేదా అయిపోయాక వాయించాలి. అతను ఫిర్యాదు చేస్తే ఆవిడ, “మీ పెట్టెలోకి ఎక్కని స్వరాలు కూడా దేవుడే చేశాడు” అందిట.

సంగీతం వచ్చినవాడు ఎవడైనా ఆ ముక్క దగ్గర ఆగి ఆలోచించేవాడు. నేను మోత ఎక్కడా అని వెతుకుతున్నాను.

దొరకడం కష్టం కాలేదు. బేస్‌మెంట్‌లో భవనాన్ని వెచ్చబెట్టే ఫర్నేస్ ఉంది. దాని బ్లోయర్ మోటారు చలికాలం వేడిగాలి, ఎండాకాలం చల్లగాలి తోస్తూ ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలో కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతుంది కాబట్టి, మోటారు దానికి రెట్టింపు, అంటే నూట ఇరవై సార్లు అదురుతుంది. ఆ మోటారును ఎవరో మహానుభావుడు ఇనప చట్రానికి నేరుగా బోల్టులతో బిగించాడు. చట్రం నుంచి రేకు గొట్టానికి, గొట్టం నుంచి పైన సన్యాసినులు నిలబడే చెక్క వేదికకు అదురు పాకుతోంది. బోలుగా ఉన్న ఆ వేదిక పెద్ద వీణ కుండలా మోగుతోంది. అన్నిటికన్నా ఎక్కువ మోగే చోటు వేదిక కొస, గొట్టానికి సరిగ్గా పైన. అక్కడ నిలబడేది సిస్టర్ బెర్నడెట్.

మా పద్ధతి ప్రకారం ముందు ఉన్నదున్నట్టు రికార్డు చేయాలి. వాళ్ళు సాయంకాలం పాడుతుండగా ఒకసారి, ఖాళీ గుడిలో ఒకసారి చేశాను. తర్వాత పాత బోల్టులు తీసేసి, మా కంపెనీలో పంపులకు వాడే రబ్బరు దిమ్మలు మోటారు కింద పెట్టాను. రేకు గొట్టాన్ని ఒక చోట కోసి, అదురు దాటకుండా మందపాటి క్యాన్వాస్ గుడ్డతో అతికించాను. మార్చి మధ్యకల్లా పని అయిపోయింది. స్విచ్ వేసి పైకి వస్తే, బ్లోయర్ తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది. మదర్ జోన్ కళ్ళు మూసుకుని, “ఇది స్వర్గం” అంది. ప్రొఫెసర్ ఫోన్లో అభినందించాడు. డేవ్ కంపెనీ న్యూస్‌లెటర్‌లో నా ఫొటో వేయించి, కింద ‘కేసు క్లోజ్’ అని రాయించాడు.

వారం తిరక్కుండా మదర్ జోన్ ఫోన్ చేసింది. పాట బాగుండటం లేదంది.

వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఆ రోజు సిస్టర్ బెర్నడెట్ ఎత్తుకున్న స్వరం ఎంత పైన ఉందంటే, రెండో పాదానికి ఇద్దరు ముసలి సిస్టర్లు పాడటం మానేసి పెదవులు మాత్రం కదిపారు. మూడో పాదంలో ఎవరిదో గొంతు కీచుమంది. మర్నాడు ఆవిడ భయపడి కిందికి పట్టిందిట. అప్పుడు తన గొంతు ట్రాక్టరులా వచ్చిందని సిస్టర్ తెరీసా అనే ఆవిడ చెప్పింది. స్వరం సరిగ్గా దొరికిన రోజుల్లో ఇంకో గొడవ. ఈ వరస వాళ్ళు ఒక పాదం ముగించేసరికి స్వరం వెంట్రుక వాసి దిగుతుంది. ఆ వరస వాళ్ళు దిగిన చోటి నుంచి అందుకుని ఇంకో వెంట్రుక దింపుతారు. పెద్ద కీర్తన పూర్తయ్యేసరికి అందరూ కలిసి లిఫ్టులో రెండంతస్తులు దిగినట్టు దిగిపోయేవారు. దిగుతున్నట్టు ఎవరికీ తెలియదు. చివర ఆర్గన్ మోగినప్పుడు మాత్రం అందరూ ఉలిక్కిపడేవారు.

మదర్ జోన్ నన్ను పక్కకు పిలిచి సూటిగా అడిగింది. “మిస్టర్ మూర్తీ, మీరు కింద చేసినదానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?”

మా వృత్తిలో ఒక నిజం ఉంది. ఇంజిను చప్పుడు తగ్గిస్తే, అంతకుముందు దానికింద దాగున్న డ్యాష్‌బోర్డు కిరకిరలు, తలుపు గడగడలు బయటపడతాయి. కస్టమరు అవి కొత్తగా పుట్టాయనుకుంటాడు. అవి పాతవేనని ఓపిగ్గా చెప్పడం మాకు రోజూ ఉండే పని. ఆ అలవాటులోనే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా జవాబిచ్చాను. “లేదు మదర్. లోపం ముందు నుంచీ ఉండి ఉంటుంది. మోత కింద దాగుంది. ఇప్పుడు వినబడుతోంది, అంతే.”

ఆ వాక్యం ఎంత నిపుణుడిలా ఉందో అంత దుర్మార్గంగా ఉందని తర్వాత తెలిసింది. మదర్ జోన్ దాన్ని నమ్మింది. నమ్మితే దాని అర్థం ఒక్కటే. సిస్టర్ బెర్నడెట్ చెవి ఎప్పుడో పోయింది, ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు. అంటే డెబ్భై దాటిన ఒక గాయనిని నేను పాత కారు కిరకిరల లెక్కలో వేశాను. మదర్ జోన్ ఆ వారమే నిర్ణయం తీసుకుంది. స్కూల్లో బ్యాండ్ నేర్పిన అనుభవం ఉన్న సిస్టర్ తెరీసా ఈస్టర్ నుంచి చాంట్రెస్. ఆవిడ దగ్గర స్వరం చూసుకునే చిన్న ఈల ఉంది. పవిత్ర వారంలో పాడే, బైబిల్లోని విలాప వాక్యాలు కూడా సిస్టర్ తెరీసాకే. అది చిన్న విషయం కాదు. ఒక్కో చరణానికి ముందు ‘ఆలెఫ్’, ‘బేత్’ అంటూ హీబ్రూ అక్షరాల పేర్లనే మనవాళ్ళ ఆలాపనలా సాగదీసి పాడతారు. గుడిలో కొవ్వొత్తులు ఒకటొకటిగా ఆర్పుతుండగా ఒక్క గొంతే పాడాలి. సిస్టర్ బెర్నడెట్ నడివయసు నుంచీ ఏటా అది తనే పాడుతోంది.

ఆ ఆదివారం శారద తనూ వస్తానంది. లాటిన్ పాట ఎలా ఉంటుందో వినాలని ఆమెకు సరదా. సాయంకాలం ప్రార్థన విన్నాం. లిఫ్టు మామూలుగానే దిగింది. తిరుగుదారి పట్టాం. హైవే ఎక్కాక అడిగింది.

“ఏమండీ, వాళ్ళకి శ్రుతి ఎవరిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు. ప్లెయిన్ చాంట్‌లో పక్కన ఏమీ ఉండదు.”

“మరి ఇదివరకు బాగానే పాడేవాళ్ళన్నారు?”

“పాట ఎత్తుకునే ఆ ముసలావిడ చెవి పోయింది.”

“అందరి చెవులూ ఒకే వారంలో పోయాయా?”

నేను లేన్ మారుతున్నట్టు నటించాను.

“శ్రుతిపెట్టె ఆపేసి పాడమంటే మా పిల్లలూ ఇట్లాగే జారతారు. మొదలెట్టింది ఒకచోట, దిగేది ఇంకోచోట. ఇంతకీ మీరు కింద ఏం పీకారు?”

“మోటారు హమ్.”

“అది ఏ స్వరం?”

కార్లో వేడి ఎక్కువైందని కిటికీ కొంచెం దించాను. ఆమె జవాబు కోసం ఆగలేదు. “ఇంట్లో నా తంబురా మీద పడ్డారు, సరిపోలేదు. ఇప్పుడు దేవుడి సన్యాసినుల తంబురా కూడా పీకేశారన్నమాట” అంది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పాత రికార్డింగు తెరిచాను. మా సాఫ్ట్‌వేర్‌లో చప్పుడు గీతలుగా కనిపిస్తుంది. నూట ఇరవై దగ్గర మోటారు గీత, రూలుకర్ర పెట్టి గీసినట్టుంది. దానికి సరిగ్గా రెట్టింపు ఎత్తులో, రెండొందల నలభై మీద, సన్యాసినుల గీత. కీర్తన పొడుగునా పైకీ కిందికీ కదిలి, ప్రతిసారీ వచ్చి అక్కడే వాలుతోంది. రెండొందల నలభై పియానోలో ఏ మెట్టుకీ సరిపోదు. రెండు మెట్ల నడుమ ఉంటుంది. మోటారు ఆగనంతకాలం, రాష్ట్రమంతటికీ కరెంటు ఇచ్చేవాళ్ళు సిస్టర్ బెర్నడెట్‌కు శ్రుతి వేస్తూ వచ్చారు. నేను రెండు రబ్బరు దిమ్మలతో దాన్ని తెంచేశాను.

మర్నాడే వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. న్యూస్‌లెటర్ బయటికి వెళ్ళిపోయింది. డేవ్ ఆ ఫొటోను కస్టమర్లకు చూపిస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా చప్పుళ్ళు కనిపెట్టేవాడిగా పేరున్న మనిషి, తన కాళ్ళకింద మోగుతున్న తంబురాను ఫర్నేస్ అనుకున్నాడని ఎవరికైనా ఎలా చెప్పడం? ఈలతో కూడా పాట నడుస్తుంది కదా, కొత్తావిడ అలవాటుపడితే సరిపోతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. శారద రోజూ, “చెప్పారా?” అని అడిగేది. “ఈ వారం ఆఫీసులో బిజీ” అనేవాణ్ణి.

అలా నాన్చుతుండగా సిస్టర్ బెర్నడెట్ నుంచే కబురు వచ్చింది. నా దగ్గర శబ్దాలు కొలిచే యంత్రాలున్నాయి కాబట్టి తన చెవులు కూడా కొలిచి పెట్టాలిట. డాక్టరు దగ్గరికి వెళ్తే మఠమంతా తెలుస్తుందని ఆవిడ ఉద్దేశం. లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు పట్టుకుని వెళ్ళాను. మఠం ముందుగదిలో కూర్చుని పరీక్ష చేశాను. బాగా పైనుండే సన్నని చప్పుళ్ళు వినబడలేదు. అవి ఆ వయసులో ఎవరికీ వినబడవు. మిగతావన్నీ వినబడ్డాయి. తర్వాత ఆవిడ, “ఏదైనా ఒక స్వరం వేయండి” అంది. వేశాను. అదే స్వరం పట్టి నిలబెట్టింది. ఇంకోటి వేశాను. అదీ పట్టింది. గీత మీద గీత పడింది. నా సర్వీసులో అంత శుభ్రమైన గీతను ఏ యంత్రమూ గీయలేదు.

“ఎలా ఉంది?” అని అడిగింది.

“మీ వయసుకి చాలా బాగుంది” అన్నాను.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి, వాటి తీగ జాగ్రత్తగా చుట్టింది. “‘మీ వయసుకి’ అన్న మాట మా డాక్టరు కూడా అంటాడు. మోకాళ్ళ గురించి అన్నాడు. తర్వాత కర్ర ఇచ్చాడు” అంది. హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టింది. నేను వచ్చేశాను.

జరిగింది విని శారద నాకు అన్నం వడ్డించింది గానీ కూర వేయలేదు. “ఆవిడ చెవి బాగుందని మీకు తెలుసు. మీ రబ్బరు ముక్కల పరువు కోసం ఆవిడ చేత చెవిటిదాన్ననిపిస్తారా? మదర్ నంబరు ఫ్రిజ్ మీదే ఉంది. రేపు పొద్దున్న మీరు వెళ్ళి చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెప్తాను. నా ఇంగ్లీషుకి వాళ్ళు ఏమర్థం చేసుకుంటారో అది మీ ఖర్మ” అంది.

వెళ్ళాను. అది పవిత్ర వారంలో సోమవారం. అదే ముందుగదిలో మదర్ జోన్, సిస్టర్ బెర్నడెట్ పక్కపక్కన కూర్చున్నారు. లాప్‌టాప్ తెరిచి రెండు గీతలు చూపించాను. మోటారు ఇది, మీరు ఇది, నేను తీసేసింది ఇది, తీశాక మీ పాట ఇది అని వరసగా చెప్పాను. లోపం మీ పాటలో లేదని, మదర్‌కు నేనిచ్చిన జవాబు తప్పని కూడా చెప్పాను.

మదర్ జోన్ తెర మీదికి వంగింది. సిస్టర్ బెర్నడెట్ మాత్రం కళ్ళజోడు సర్దుకుని, “అంటే ఇన్నేళ్ళూ నేను ఫర్నేస్‌తో కలిసి పాడానంటారా?” అంది.

“అవును సిస్టర్.”

“ఆ ఫర్నేస్ ఎప్పుడొచ్చిందో తెలుసా మీకు? నేను చాంట్రెస్ అయ్యాక వచ్చింది. అంతకుముందు గోడల వెంట ఆవిరి పైపులుండేవి. నేను అప్పుడూ పాడాను.” తీర్పు చెప్పినట్టు తేల్చింది. “కాబట్టి నేర్చుకుంది నేను కాదు. ఆ యంత్రం.”

సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో కరెంటుకు ఎవరూ నేర్పలేరని వివరించబోయాను. మదర్ జోన్ నా వంక చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

అప్పుడు సిస్టర్ బెర్నడెట్ గొంతు తగ్గించి అడిగింది. “ఇది మీకు ఎప్పుడు తెలిసింది?”

“రెండు వారాలైంది.”

“నా చెవులు చూసిన రోజు తెలుసా?”

“తెలుసు.”

గోడ మీద గడియారం టిక్కు టిక్కుమంటోంది. దాని చప్పుడు తగ్గించాలని నాకు అనిపించలేదు.

“అయితే మిస్టర్ మూర్తీ, మీరు కూడా ఎక్కడైనా చూపించుకోండి” అందావిడ. “చెవికి వినబడింది నోటిదాకా రావడానికి మీకు రెండు వారాలు పట్టింది. మీ వయసుకి అది చాలా ఎక్కువ.”

మదర్ జోన్ దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ బ్యాంకు మేనేజరైంది. మోత తిరిగి పెడితే ప్రొఫెసరు రికార్డింగు సంగతేమిటని అడిగింది. “ప్రొఫెసరు మూడు గంటలుండి వెళ్ళిపోతాడు మదర్. మనం పోయేదాకా ఇక్కడే ఉంటాం” అంది సిస్టర్ బెర్నడెట్. ట్రాక్టరు గొంతు సిస్టర్ తెరీసాను పిలిచి అడిగితే, ఆవిడ ఈలను అక్కడికక్కడే బల్లమీద పెట్టేసింది. తనకు ఆ పదవి వద్దే వద్దని, ఇన్ని రోజులూ భయంతో నిద్రపట్టలేదని చెప్పింది.

చప్పుడు తీయడానికి మాకు పద్ధతులున్నాయి, పాఠాలున్నాయి, ప్రత్యేకమైన పనిముట్లున్నాయి. పోయిన చప్పుడు తిరిగి తేవడం నాకెవరూ నేర్పలేదు. మర్నాడు సెలవు పెట్టి బేస్‌మెంట్‌లో దిగాను. రబ్బరు దిమ్మలు తీసి ఇనప పలకలు పెట్టాను. మోత వచ్చింది గానీ పూర్వంలా లేదు. క్యాన్వాస్ గుడ్డ తీసి రేకు అతికించాను. వచ్చింది, కానీ పలచగా ఉంది. నా మీటరు పూర్వపు అంకెకు చేరిందని చూపిస్తోంది. పైన తన చోట నిలబడ్డ సిస్టర్ బెర్నడెట్ ఒప్పుకోవడం లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను ఒక్కో బోల్టు బిగిస్తూ పోవాలి. చాలకపోతే ఆవిడ చేతికర్రతో వేదిక మీద ఒకసారి కొట్టాలి, ఎక్కువైతే రెండుసార్లు. ఫర్నేస్ పక్కన నేలమీద పడుకుని, రెంచి పట్టుకుని, పైకప్పు వంక చూస్తూ బోల్టులు బిగించాను. టక్. ఇంకొంచెం. టక్. ఇంకొంచెం. టక్ టక్. కొంచెం వదులు. తంబురా తీగలు సరిచేసేవాళ్ళను చూశాను గానీ, మోటారును శ్రుతి చేసినవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. చాలాసేపటికి పైనుంచి కర్ర చప్పుడు ఆగిపోయి, ఒక గొంతు మొదలైంది. ఒకే స్వరం, నిలకడగా. నేను రెంచి కింద పెట్టాను.

బుధవారం సాయంకాలం కొవ్వొత్తుల ప్రార్థనకు నన్నూ శారదనూ రమ్మన్నారు. సిస్టర్ బెర్నడెట్ లేచి నిలబడి ‘ఆలెఫ్’ ఎత్తుకుంది. ఒక్క అక్షరం పేరు మీద అంత దూరం వెళ్ళి, అంత నెమ్మదిగా తిరిగొచ్చి, బయల్దేరిన చోటే దిగింది. శారద నా మోచేతిని గిల్లింది. నేను ఏమీ తోచక, నా కాళ్ళకింద చెక్కలో అదురు ఎంత ఉందో చూసుకుంటూ కూర్చున్నాను.

ప్రొఫెసరు శుక్రవారం వచ్చి, మోత మళ్ళీ ఉందని చూసి నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత తన స్టూడియోలో సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తానన్నాడు. నెల తిరిగాక నాకే ఫోన్ చేశాడు. మోటారు చప్పుడు, దాని రెట్టింపులూ కలిపి తీసేస్తే, వాటితోపాటు సిస్టర్లు కూడా పోతున్నారుట. అలాగే వదిలేశాడు. ఆ సీడీ ఎవరి దగ్గరైనా ఉంటే, పాట వెనక ‘మ్...’ అని వినబడేది నేను బిగించిందే. సావనీర్‌లో రాసినట్టు అక్కడ నిశ్శబ్దం ఏమీ లేదు. ఉన్న కొద్ది రోజులూ అది చేసింది హాని.

డేవ్‌కి కూడా రాతపూర్వకంగా తెలియజేశాను. ‘తొలగించిన శబ్దాన్ని పూర్వస్థాయికి పునరుద్ధరించడమైనది, వినియోగదారు విని ఆమోదించారు’ అని. అతను నా క్యూబికల్‌కి నడిచొచ్చి, “మూర్తీ, మన డిపార్ట్‌మెంట్ పేరు ఒకసారి చదువు” అని వెళ్ళిపోయాడు. న్యూస్‌లెటర్‌లో సవరణ వేయలేదు. నేను గట్టిగా అడగనూ లేదు. ఆ తప్పే పాకుతూ పాకుతూ సావనీర్ దాకా వచ్చింది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. చప్పుడును ఆపేముందు దాని దగ్గర బతికేవాళ్ళను అడగండని చెప్తాను. అది ఎలాగూ ఏదో ఒక పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది ఇంకొకటి. ‘లోపం ముందు నుంచీ ఉంది, ఇప్పుడు బయటపడింది’ అన్న మాట మా పనిలో పదిసార్లకు తొమ్మిదిసార్లు నిజమవుతుంది. అందుకే అది ప్రమాదం. పదోసారి కూడా అంతే ధీమాగా నోట్లోంచి వచ్చేస్తుంది, అది ఎవరి మీద పడుతుందో చూడకుండా. మనం ఒక పని ముగించిన వెంటనే పక్కవాళ్ళలో లోపం కనిపించడం మొదలైతే, వాళ్ళను పరీక్షించకముందు మన పనిని విప్పి చూసుకోవాలి. విప్పాక తప్పు మనదేనని తేలితే, ఆ రోజే వెళ్ళి చెప్పాలి. విప్పడానికి రెంచి ఒక్కటి చాలు. నాకు తక్కువైంది రెంచి కాదు.